పండుగనాటి ఒంటరితనం
(రేడియో ప్రసంగ పాఠం)

 

డిసెంబరు వచ్చింది. ఇళ్లమీద నక్షత్రాలు వెలిగాయి. సెమీ క్రిస్మస్ కూడికలు, కేరల్స్, కొత్త బట్టలు, పిండివంటలు. అయితే ఈ సందడిలో రేడియో ఒక్కటే తోడుగా కూర్చున్న తల్లీ, తండ్రీ, పండుగనాడు కూడా గల్ఫ్‌లో డ్యూటీకి వెళ్లవలసిన సహోదరుడా, ఈనాటి వర్తమానం మీ కోసమే.

కొన్ని సంవత్సరాల క్రితం కేరల్స్‌కు వెళ్లినప్పుడు ఒక విధవరాలి ఇంటిముందు ఆగాము. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. రెండు పాటలు పాడి, ప్రార్థన చేసి బయలుదేరబోతుంటే ఆమె డబ్బా నిండా అరిసెలు తెచ్చింది. "ఒక్కదానివే కదమ్మా, ఇన్ని ఎందుకు చేశావు?" అన్నాను. "ఎవరైనా కాసేపు కూర్చుంటారేమోనని చేశానయ్యగారూ" అన్నది. ఇంకా పన్నెండు ఇళ్లున్నాయని చెప్పి నేను వెళ్లిపోయాను. ఆ మాట నన్ను ఈనాటికీ విడిచిపెట్టలేదు.

ఈ బాధ ఆమె ఒక్కతెదే కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించింది. కొందరు, "విశ్వాసికి ఒంటరితనమేమిటి? ప్రార్థన తక్కువైంది" అంటారు. దేవుని వాక్యం అలా చెప్పడం లేదు.

రెండవ తిమోతి పత్రిక 4వ అధ్యాయం చూడండి. అపొస్తలుడైన పౌలు చెరసాలలో ఉన్నాడు. మరణం దగ్గరపడిందని ఆయనకు తెలుసు. దేమా విడిచి వెళ్లిపోయాడు. క్రేస్కే ఒక దేశానికి, తీతు మరొక దేశానికి వెళ్లారు. దగ్గర లూకా మాత్రమే ఉన్నాడు. ఎన్నో సంఘములు కట్టిన ఆ దైవజనుడు ఏమి చేశాడు?

మొదటిది, దాచుకోలేదు. తాను మొదట సమాధానం చెప్పుకొన్ననాడు ఎవరూ తన పక్షాన నిలువలేదని సిగ్గుపడక వ్రాశాడు.

రెండవది, అడిగాడు. తిమోతిని త్వరగా రమ్మన్నాడు, చలికాలానికి ముందే రమ్మన్నాడు. మార్కును వెంటబెట్టుకొని రమ్మన్నాడు. త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన అంగీని, పుస్తకాలను తెమ్మన్నాడు. ప్రభువు తన ప్రక్క నిలిచి బలపరచాడని సాక్ష్యమిచ్చినవాడే, మనుష్యుల తోడును కూడా కోరుకున్నాడు. ప్రియులారా, ఈ రెంటికీ వైరం లేదు. తోడు అడగడం అవిశ్వాసం కాదు.

మూడవది, ఇతరులను తలంచుకున్నాడు. ఆ చెరలోనుండే ప్రిస్కకు, అకులకు వందనాలు పంపాడు.

కాబట్టి ఒంటరిగా ఉన్న సహోదరీ, సహోదరుడా, ఎవరో గుర్తుచేసుకుంటారని ఎదురుచూస్తూ లోలోపల కుమిలిపోవద్దు. ఈ రోజే ఒకరికి ఫోన్ చేసి, "పండుగనాడు మా ఇంట భోజనానికి రండి" అనండి, లేదా "నేను మీ ఇంటికి రావచ్చునా?" అని అడగండి. మీవలెనే ఒంటరిగా ఉన్న మరొకరిని ఆరాధనకు వెంటబెట్టుకొని వెళ్లండి. మనస్సు మరీ కృంగి, బ్రదుకు వద్దనిపిస్తే దాచవద్దు. మీ కాపరితో చెప్పండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. మన దేశంలో ఏ వేళనైనా మాట్లాడతారు, తెలుగులో కూడా. వృద్ధులకు 14567 నంబరు ఉంది. ఇవి కూడా దేవుడిచ్చిన సహాయములే.

సంఘమా, నీకొక మాట. కేరల్స్‌లో పది ఇళ్లు తగ్గినా పరవాలేదు. ఒక్క ఇంట్లో కూర్చో. ఆ అరిసె తిను. ఆ తల్లి చెప్పేది విను. పండుగ మరునాడు కూడా వెళ్లు, ఎందుకంటే నక్షత్రం ఆర్పిన తర్వాతే ఇల్లు మరీ చీకటిగా ఉంటుంది. ఆ సంవత్సరం నేను కూర్చోలేదు. మీరైనా కూర్చోండి.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, సొంత ఊరికి దూరంగా, పశువుల తొట్టిలో పరుండిన నీ కుమారుని ద్వారా మా మధ్యకు వచ్చినందుకు స్తోత్రములు. ఈ ప్రసంగం వింటున్న ఒంటరివారి ప్రక్కన నిలువుము. వారి తలుపు తట్టుటకు మమ్మును పంపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.