స్టేషనను మాట

“బేగంపేట స్టేషనుకు రావలెను” అని జాబు వచ్చినచో ఎచ్చటికి పోవలెను? సికింద్రాబాదు చెంతనున్న ఆ పేటలో రైలు ఆగుచోటు స్టేషనే, పోలీసువారిది స్టేషనే, వైమానిక దళపు స్థావరమును స్టేషనే. జాబు వ్రాసినదెవరో చూచినగాని అర్థము తేలదు. వేళ మించిన రైలు తప్పును, అంతే. ఠాణాకు పోకున్న చిక్కులు వచ్చును.

ఈ మాట లాటినునందలి నిలుచుటయను ధాతువునుండి పుట్టినది. మన ‘స్థానము’లోని ‘స్థా’ ధాతువు దానికి దాయాది. ఆ స్థానమే హిందూస్తానీలో ఠాణా యైనది! కావున మనము పరాయిదనుకొను స్టేషనును, ఎన్నడో ఇంటిమాటయైన ఠాణాయును ఒకే వేరునుండి వచ్చినవి. ఆంగ్లేయులు మనుష్యుని హోదాను గూడ స్టేషనందురు. ఆస్ట్రేలియాలో వేల యెకరముల గొఱ్ఱెల మేతభూమియు స్టేషనే.

2008లో ప్రయాణికుల విమానములు బేగంపేట విడిచి శంషాబాదునకు తరలినవి. అవి దిగుచోటును మాత్రమెవరును స్టేషననరు. ఎయిర్‌పోర్టందురు, అనగా గాలి రేవు.