మెడ నొప్పి - తప్పిన ఒడుపు
(పాల సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)



గేదెకు పొదుగువాపు వస్తే మీరు ఒక్క పూట ఆగరు. వెంటనే పశువైద్యునికి కబురు పెడతారు. అదే మీ మెడ నొప్పి పెడితే, ఏడాది గడిచినా "అదే పోతుందిలే" అంటారు. మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటాము. దాని గురించి నాలుగు మాటలు చెప్పడానికి వచ్చాను.

మన తల బరువు సుమారు 4 నుంచి 5 కిలోలు. దాన్ని మోసేవి మెడలోని 7 ఎముకలు. మెడ ముందు భాగాన కండరాలు రెండు వరుసలుగా ఉంటాయి. లోపలి వరుసవి ఎముకలను అంటిపెట్టుకొని ఉండి, వాటిని కుదురుగా పట్టి ఉంచుతాయి. పై వరుసవి చెవి వెనుక నుంచి రొమ్ము ఎముక దాకా తాళ్ళలా దిగి, తలను తిప్పుతాయి, వంచుతాయి.

కాడికి కట్టిన రెండెద్దులలో ఒకటి మందగిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. బరువంతా రెండోదాని మీద పడుతుంది. మెడ నొప్పి పాతబడిన చాలామందిలో జరిగేది ఇదే. లోపలి కండరాలు మందగిస్తాయి. పై కండరాలు తమ పనితో పాటు వాటి పనీ నెత్తిన వేసుకొని, బిగుసుకొని అలసిపోతాయి. 2004లో ఆస్ట్రేలియా పరిశోధకులు ముక్కు గుండా సన్నని తీగ పంపి, గొంతు వెనుక నుంచి ఈ లోపలి కండరాల పనిని కొలిచారు. నొప్పి ఉన్నవారిలో ఆ పని తగ్గినట్టు తేలింది.

రెండో సంగతి. కళ్ళు మూసుకున్నా తల ఎటు తిరిగి ఉందో మనకు తెలుస్తుంది. ఆ కబురు మెదడుకు పంపేవాటిలో మెడ కండరాలు ముఖ్యమైనవి. 1991లో ఫ్రాన్సు వైద్యుడు రెవెల్ ఒక పరీక్ష చేశాడు. మనిషిని గోడకు 90 సెంటీమీటర్ల దూరంలో కూర్చోబెట్టి, తలకు చిన్న దీపం కట్టి, వెలుగు పడిన చోట గురుతు పెట్టించాడు. తరువాత కళ్ళు మూసి, తల పక్కకు తిప్పి, మళ్ళీ మొదటి చోటికి తెమ్మన్నాడు. మెడ బాగున్నవారి వెలుగు సాధారణంగా గురుతుకు 7 సెంటీమీటర్ల లోపే, అంటే బెత్తెడు లోపే పడింది. నొప్పి ఉన్నవారిలో చాలామందికి అంతకు మించి తప్పింది. అంటే బలమే కాదు, ఒడుపూ తప్పుతుందన్నమాట. వెనుక నుంచి ఎవరైనా పిలిస్తే కొందరు మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూస్తారు.

మీ వంటి ఒక సభ్యురాలు నా దగ్గరకు వచ్చింది. ఎక్స్‌రే చూసి ఎవరో "ఎముకలు అరిగిపోయాయి" అన్నారట. ఆ భయంతో నెలల తరబడి మెడపట్టీ తీయలేదు. తల కదిలించడమే మానేసింది. గేదెను అమ్మేద్దామనుకుంటున్నానని ఏడ్చింది. వయసు పెరిగితే నొప్పి లేనివారి ఎక్స్‌రేలోనూ అరుగుదల కనిపిస్తుందమ్మా, అని చెప్పాను. కొద్దివారాలు ఈ కింది అభ్యాసం చేయించాను. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. కానీ మెడ తిరుగుతున్నది, నిద్ర పడుతున్నది. గేదె ఇప్పటికీ ఆమె కొట్టంలోనే ఉన్నది.

ఆ అభ్యాసం ఇది. వెల్లకిలా పడుకోండి. తల కింద మడత పెట్టిన తువ్వాలు ఉంచండి. తల పైకి లేపకుండా, "ఊఁ" అన్నట్టు గడ్డాన్ని కొద్దిగా కిందికి వంచండి. మెడ మీద చెయ్యి పెట్టి చూసుకోండి. ముందు తాళ్ళు బిగుసుకుంటే ఎక్కువ చేస్తున్నారన్నమాట, తగ్గించండి. 10 సెకన్లు ఉంచి వదలండి. మెల్లగా 10 సార్ల దాకా పెంచండి. రోజుకు రెండు పూటలా, 6 వారాలు చేయండి. ఇందులో బలప్రదర్శన లేదు. ఎంత నెమ్మదిగా చేస్తే అంత మంచిది.

రెండోది, ఇందాక చెప్పిన దీపం పరీక్షే. కూర్చుని కళ్ళు మూసి తల తిప్పి, తిరిగి తెచ్చి, కళ్ళు తెరిచి ఎంత తప్పిందో చూసుకోండి. పరీక్షే అభ్యాసమవుతుంది.

పనుల్లోనూ కొంచెం జాగ్రత్త పడండి. గేదె డొక్కకు తల ఆనించి, మెడ ఒకవైపే వంచి పితికేవారు పాలు తీయగానే లేచి, మెడను రెండువైపులా మెల్లగా తిప్పండి. పెద్ద గడ్డిమోపును రెండు చిన్న మోపులు చేసుకోండి. పని మానవద్దు, తీరు మార్చండి.

అయితే ఒక హెచ్చరిక. చేతుల్లో పట్టు తప్పినా, నడక తూలినా, మూత్రం అదుపు తప్పినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, కింద పడ్డాక నొప్పి మొదలైనా అభ్యాసాలు చేస్తూ కూర్చోవద్దు. వెంటనే డాక్టరును కలవండి. మెడ విరిపించుకోవడానికి ఎవరి దగ్గరికీ పోవద్దు.

పితకడం మనకు ఒక్కరోజులో రాలేదు. వేళ్ళకు ఒడుపు అలవాటయ్యేదాకా ఓపిక పట్టాము. మెడకూ అంతే ఓపిక చూపించమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.