ఉభయుల దోషము – నష్టపరిహారము
(వార్షిక మహాసభయందు జరిగిన యుపన్యాసము)



మేము ప్రస్తావింపబూనిన విషయము ప్రియమైనది కాదు; కాని మన కుటుంబములకు నిత్యావసరమైనది. బాటమీద మోటారు ప్రమాదమున మనవాడు గాయపడినను, మరణించినను, “మనవాని తప్పు గూడ గలదు గదా, ఇంక దావా యెందులకు?” అని బంధువులు నిరాశ చేసికొందురు. ఎదుటి పక్షమువా రామాటనే పట్టుకొని, కొలదిపాటి సొమ్ము చేతబెట్టి, కాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొని పోవుదురు. తప్పులో పాలున్నంతమాత్రమున హక్కు నశింపదని తెలుపుటయే మా ముఖ్యోద్దేశము.

పూర్వ మింగ్లాండునందు న్యాయము కఠినముగా నుండెను. ఒకడు తన యింటి మరమ్మతుకై బాటకడ్డముగా కొయ్య యుంచెను. మఱియొకడు సందెవేళ గుఱ్ఱమును వడిగా దోలుకొనివచ్చి, దానికి దగిలి పడి గాయపడెను. జాగ్రత్తగా వచ్చినచో కొయ్య కనబడియుండెడిదని యెంచి, 1809వ సంవత్సరమున నచ్చటి న్యాయాధిపతు లాతనికి దమ్మిడియైన నిప్పింపరైరి. ఇట్టి తీర్పులవలన కొలది తప్పు చేసినవాడును సమస్తము గోల్పోయెడివాడు. తుదకు 1945వ సంవత్సరపు చట్టమువలన, ఎవరి తప్పెంతయో యంతకు సరిగా పరిహారమును తగ్గించు పద్ధతి యచ్చట నేర్పడెను.

మన దేశమునందును న్యాయస్థానములు పంపకపు పద్ధతినే యనుసరించుచున్నవి. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 166వ సెక్షను క్రింద ట్రిబ్యునలు మొదట నష్టమును లెక్కించును. పిదప దోషమును పంచును. నష్టము 10 లక్షల రూపాయలనియు, గాయపడినవాని దోషము నూటికి 30 పాళ్లనియు తేలినచో, 3 లక్షలు పోగా 7 లక్షలు రావలసియుండును. 3 లక్షల తప్పునకు వెఱచి 7 లక్షలను విడిచిపెట్టుట యవివేకము గదా!

ఇచ్చట మూడు భేదములను గుర్తింపవలెను.

మొదటిది: రెండు బండ్లు నడుపువారును తప్పుచేయగా, నడుమ ప్రయాణీకుడు గాయపడినచో, ఆతని పరిహారమున కోత లేదు. పూర్తి సొమ్మును వారిలో నెవ్వరినుండియైనను రాబట్టుకొనవచ్చునని సుప్రీంకోర్టువారు 2015లో స్పష్టపఱచిరి.

రెండవది: నిబంధనను మీఱుట వేఱు, ప్రమాదమునకు కారణమగుట వేఱు. ఒకే మోటారు సైకిలుపై ముగ్గురు పోవుచుండగా వెనుకనుండి కారు గొట్టెను. ముగ్గురెక్కుట చట్టవిరుద్ధమే, అయినను ఆ తప్పు ప్రమాదమునకు గాని, గాయముయొక్క తీవ్రతకు గాని కారణమయ్యెనని ఋజువు గానిదే కోత కూడదని 2020లో సుప్రీంకోర్టువారు తీర్పు చెప్పిరి. లైసెన్సు లేకుండుట మాత్రమే దోషభాగము కాదని 2008లోనే చెప్పియుండిరి. హెల్మెట్టు లేక తలకు దెబ్బ తగిలినచో ఆ ప్రశ్న పుట్టును. కాలు విఱిగినచో హెల్మెట్టునకు దానితో నేమి సంబంధము?

మూడవది: 2022 ఏప్రిలు 1వ తేదినుండి యమలులోనున్న 164వ సెక్షను క్రింద, తప్పెవరిదని ఋజువు చేయనక్కఱలేకయే, మరణమునకు 5 లక్షలును, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలును కోరవచ్చును. అంతకు మించిన నష్టము గలవారు మాత్రము 166వ సెక్షను మార్గమును వకీలుతో నాలోచింపవలెను.

ఇంక జాగ్రత్తలు. 166వ సెక్షను దరఖాస్తునకు చట్టము విధించిన గడువు ఆఱు నెలలు. కర్మకాండలు ముగిసి, దుఃఖము తీఱువఱకు గాలము మన కొఱ కాగదు. ప్రమాదము జరిగిన చోటనే గాక, బాధితులు నివసించు చోటను దరఖాస్తు చేయవచ్చును. పోలీసు నివేదిక, స్థలపు పటము, ఆసుపత్రి కాగితములు భద్రపఱచుడు. లోక్ అదాలతునందు రాజీ పడుట మంచిదే. కాని యా తీర్పుపై నప్పీలు లేదు. కావున దోషభాగమున కెంత తగ్గించిరో యడిగి తెలిసికొనియే సంతకము చేయవలెను.

మనవారి తప్పును దాచుడని మేము చెప్పుటలేదు. వేగముగా వచ్చితినని యొప్పుకొన్నవాడు కొంత పోగొట్టుకొనును. అబద్ధమాడి పటముచే పట్టువడినవాని మిగిలిన సాక్ష్యమును గూడ నెవరును నమ్మరు. మనలో బస్సులు, లారీలు గల ధనికులును గలరు. ఎదుటివాని చిన్న తప్పును జూపి విధవరాలిని బెదరించి పంపుట వారి ప్రతిష్ఠకు దగదు. పాలు పంచుకొనుట యుభయ పక్షములకును ధర్మమే.

మన సంఘమున వకీళ్లకు కొదువ లేదు. వారిలో నలుగు రైదుగురు చేరి, ప్రమాదము జరిగిన వారములోపలనే యా యింటికి బోయి దారి చూపునట్లు, ఈ సభ యొక చిన్న యుపసంఘము నేర్పఱుపవలెనని కోరుచున్నాము. విద్యార్థి వేతనములవలెనే యిదియు కుటుంబములను నిలబెట్టు కార్యమని పోషకులు గ్రహింతురుగాక!