చలికి పొయ్యి పెట్టేముందు పొగ దారి చూడండి

కాసేపే మాట్లాడతాను. చేతిలో టీ గ్లాసులు ఉన్నవారు తాగుతూనే వినండి.

పోయిన వారం మగవారి వార్డులో ఒక అబ్బాయి నన్ను ఆపి అడిగాడు. "సిస్టరమ్మా, మా నాన్నకి ఆయాసం. మాది తాతల నాటి పెంకుటిల్లు. రాత్రయితే బిగుసుకుపోతాం. కుంపటి పెట్టొద్దన్నారు కదా, పోనీ ఇనప పొయ్యి చేయించమంటారా? ఎలాంటిది మంచిది?" డిశ్చార్జి చేసేటప్పుడు "రోగిని వెచ్చగా ఉంచండి" అని మేమే చెబుతాము. ఎలా ఉంచాలో మాత్రం చెప్పము. అది మా పొరపాటే. ఆ అబ్బాయికి చెప్పిన మాటలే ఈ రోజు మీకూ చెబుతున్నాను.

మన మన్యం చలి సంగతి మీకు తెలియనిది కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి, చింతపల్లి, మినుములూరు వైపు 5, 6 డిగ్రీలకు, ఒక్కొక్క ఏడు ఇంకా కిందికి దిగుతుంది. 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక చాలా ఇళ్ళలో వంట గ్యాసు మీదకు మారింది. కాని గ్యాసు పొయ్యి దగ్గర చలి కాచుకోలేము, కాచుకోకూడదు కూడా. అందుకే కట్టెలు, బొగ్గులు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి.

నర్సింగు డిప్లొమా అయ్యాక నేను హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయలో రెండేళ్ళు పని చేశాను. అక్కడి పాత ఇళ్ళు ఒక వరుస రాయి, ఒక వరుస దేవదారు దూలంగా కట్టినవి. చలికాలం గదిలో ఇనప రేకు పొయ్యి పెట్టుకుంటారు. దాన్ని తందూర్ అంటారు. మన హోటళ్ళలో రొట్టెలు కాల్చేది కాదు. కాళ్ళున్న పెట్టె, ముందు చిన్న తలుపు, వెనుక నుంచి ఇంటి కప్పు దాటి పైకి పోయే గొట్టం, అంతే. మిలిటరీలో పని చేసినవారు ఇలాంటిదాన్నే బుఖారీ అనడం విని ఉంటారు. దాని మీదే టీ కాగుతుంది, దాని చుట్టూనే ఇంటిల్లిపాదీ కూర్చుంటారు.

ఒక రాత్రి అక్కడ బాగా మంచు పడింది. మా క్వార్టర్సు గొట్టం మూత మీద మంచు పేరుకుంది. లోపలి మసి ఎన్నాళ్ళనుంచో ఎవరూ దులపలేదు. నేనూ, నాతో ఉన్న సిస్టరూ నిప్పులు ఆరకముందే తలుపు వేసి పడుకున్నాము. తెల్లవారుజామున తల పగిలిపోయే నొప్పి, వాంతి. రాత్రి తిన్న రాజ్మా పడలేదనుకున్నాము. లేవబోతే కాళ్ళు నిలవలేదు. పాలు తెచ్చే ముసలాయన పిలిచి, మేము పలకకపోతే తలుపు తోసి, మమ్మల్ని వరండాలోకి లాగాడు. గడియ సరిగా పడని తలుపు కాబట్టి బతికాము. ఇద్దరం నర్సులమే. అది పొగ విషమని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ విషం పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. కట్టెల పొగైతే కళ్ళు మండి లేచి వెళ్ళిపోతాము. ఎర్రగా కణకణలాడే బొగ్గుల కుంపటికి పొగ కనబడదు, అందుకే అది మంచిదనుకుంటాము. నిజానికి మూసిన గదిలో అదే ఎక్కువ ప్రమాదం. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటుండదు. వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ కూడా ఇక్కడ మోసపోతుంది. మనిషి స్పృహ తప్పుతున్నా 98 అని చూపించవచ్చు. ఆ అంకె చూసి ధైర్యపడకండి. చలి రోజున ఒకే గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతులు వస్తే ముందు అందరినీ బయటి గాలిలోకి తెచ్చి, తరువాత 108కి ఫోన్ చేయండి. మామూలు గాలి పీలిస్తే రక్తంలోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో తగ్గుతుంది. అందుకే ఇంట్లో మజ్జిగ, నిమ్మరసం ఇస్తూ కూర్చోవద్దంటాను.

"మా అమ్మమ్మ కాలం నుంచి బాలింత మంచం కింద కుంపటి పెడుతున్నాము, ఏమైంది?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అప్పటి ఇంటికి నాటు పెంకులు, వెదురు వాసాలు. పెంకు పెంకుకూ మధ్య నుంచి వేడీ, విషవాయువూ పైకి పోయేవి. ఇప్పుడు మనం అదే ఇంటికి పెంకుల కింద ప్లాస్టిక్ పట్టా కప్పాము, కొందరు స్లాబు వేశారు, కిటికీలకు అద్దాలు బిగించారు. కుంపటి పాతదే, ఇల్లు మారింది. ఇక పసిబిడ్డకు కుంపటి అవసరమే లేదు. బిడ్డకు టోపీ, సాక్సు వేసి, తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పండి. బిడ్డ ముక్కు, నోరు మాత్రం తెరిచి ఉండాలి.

పొయ్యి చేయించాలనుకుంటే ముందు వెల్డింగు షాపుకు కాదు, ఇంటి పైకి చూడండి. గొట్టం ఎక్కడి నుంచి పోవాలి? వీలైనంత నిటారుగా పోవాలి. వంపు పెరిగిన కొద్దీ పొగ లాగే బలం తగ్గుతుంది, మసి పేరుకుంటుంది. గోడలోంచి బయటికి పెట్టి అక్కడే వదిలేస్తే ఎదురుగాలికి పొగంతా వెనక్కి వస్తుంది. ఇంటి వెన్ను దాటి రెండు మూడడుగులు పైకి ఉండాలి, వాన పడకుండా మూత ఉండాలి. కాలే గొట్టానికీ, వాసాలకూ మధ్య ఒకటిన్నర అడుగు ఖాళీ కావాలి. కప్పు దాటే చోట కర్ర తీసేసి రేకు బిగించాలి. గడ్డి కప్పు ఇంటికైతే నేను ఏ పొయ్యీ చెప్పను.

పెద్ద పొయ్యి అయితే ఎక్కువ వెచ్చదనం అనుకోకండి. చిన్న గదిలో పెద్ద పొయ్యి పెడితే వేడికి తట్టుకోలేక గాలి రంధ్రం మూసేస్తాము. కట్టె మండక కుములుతుంది. అప్పుడే విషం, జిగురు మసి ఎక్కువ. ఆ మసికి ఒక్కోసారి గొట్టంలోనే నిప్పు అంటుకుంటుంది. చిన్న పొయ్యిలో కట్టె బాగా మండనివ్వడమే మేలు. కాఫీ తోటల్లో కొట్టిన సిల్వర్ ఓక్ కొమ్మలైనా, సరుగుడైనా చీల్చి, వాన తగలకుండా ఆరేడు నెలలు ఆరబెట్టినవే వాడాలి. రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్ వేయవద్దు. పొయ్యికి గాలి కావాలి కనుక కిటికీ రెండు వేళ్ళంత తెరిచి ఉంచాలి. చలికాలంలో నెలకొకసారి గొట్టం విప్పి, వెదురు గెడకు కొబ్బరి పీచు కట్టి దులపాలి. ఈ పని మా ఇంట్లో ఎవరూ చేయరు అనుకుంటే పొయ్యి చేయించకండి.

ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకున్న రోగి ఉంటే ఆ గదిలో నిప్పు వద్దే వద్దు. మిషనుకూ, గొట్టాలకూ కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. అగరవత్తి, బీడీ కూడా నిప్పే.

ఆ అబ్బాయి నాన్నగారి సంగతికి వస్తాను. ఆయాసం ఉన్నవారికి కరెంటు ఆయిల్ హీటరే నా మొదటి మాట. బిల్లు ఎక్కువే, కాని పొగ లేదు. కరెంటు పోయిన రాత్రికి గుడ్డ చుట్టిన వేడినీళ్ళ బ్యాగు, ఉన్ని టోపీ పనికొస్తాయి. చలి కింద నుంచి కూడా వస్తుంది కనుక పరుపు కింద మందంగా గడ్డి చాప వేయండి. పొయ్యి పెట్టినా పక్క గదిలో పెట్టి, నడుమ తలుపు తెరిచి ఉంచమన్నాను, పడుకునేముందు ఆర్పేయమన్నాను.

నిన్న ఆ అబ్బాయి షాపు నుంచే ఫోన్ చేశాడు. పొయ్యికి ఆరు అంగుళాల నోరు పెట్టారట, షాపాయన దగ్గర నాలుగు అంగుళాల గొట్టమే ఉందట, అతుకు వేసి బిగించేస్తానంటున్నాడట. వద్దు బాబూ, నోటికన్నా గొట్టం సన్నం కాకూడదు, ఆరు అంగుళాలది వచ్చేదాకా ఆగు అన్నాను. ఆగుతానన్నాడు.