“గమ్మునుండు పాపా” అనే మాట ఇక్కడితో ఆపుదాం

ఈ ఎపిసోడ్‌లో జోకులు లేవు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పక్క నుంచి చాలామంది ఇన్‌బాక్స్‌లో ఒకటే అడుగుతున్నారు. “అన్నా, కాలేజీలో ఒకమ్మాయి మీద లైంగిక దాడి జరిగితే అసలు ఏం చేయాలి?” అని.

ముందు నా తప్పు చెప్తా. బీటెక్ సెకండియర్‌లో ఒక క్లాస్‌మేట్ నా దగ్గరికొచ్చి ఏడ్చింది. ఒక సీనియర్ ల్యాబ్‌లో చెయ్యి వేశాడని చెప్పింది. నేను అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? “ఆ టైంలో నువ్వెందుకెళ్లినావ్ అక్కడికి?” అంతే. తను ఇంకో మాట మాట్లాడలేదు. ఆ సెమిస్టర్ సగంలోనే ఇంటికెళ్లిపోయింది. నేను చెయ్యి వేయలేదు, నిజమే. కానీ తన నోరు మూయించింది మాత్రం నేనే.

కాబట్టి రూల్ నంబర్ వన్. ఎవరైనా చెప్తే ఫస్ట్ అనాల్సిన మాట: “నిన్ను నమ్ముతున్నా. తప్పు నీది కాదు. ఇప్పుడు ఏం చేద్దాం చెప్పు.” ఇంతే చాలు. నిర్ణయం తనది, మనం పక్కన నిలబడాలి.

రెండోది, టైం. 2007 డిసెంబర్ 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక లేడీస్ హాస్టల్‌లో ఫార్మసీ చదివే అమ్మాయి హత్యకు గురైంది. పేరు మీలో చాలామందికి తెలుసు, అయినా నేను చెప్పను. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టి “జస్టిస్” అని రాసినా నేరమే. ఆ కేసులో ఒక యువకుడికి 2010లో కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆయన నిర్దోషి అని వదిలేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయినాయి. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. అమ్మాయి తల్లిదండ్రులకు న్యాయం అందలేదు, జైల్లో ఉన్నోడి జీవితమూ పోయింది. మొదటి రోజుల్లో ఆధారాలు సరిగ్గా దొరక్కపోతే రెండు కుటుంబాలు నాశనమవుతాయి.

అందుకే ఇది గుర్తుపెట్టుకోండి. దాడి జరిగితే కష్టమే అయినా స్నానం చేయకుండా, బట్టలు ఉతక్కుండా ఆస్పత్రికి వెళ్లాలి. బట్టలు మార్చుకుంటే వాటిని ప్లాస్టిక్ కవర్లో వద్దు, పేపర్లో చుట్టి తీసుకెళ్లండి. గర్భం రాకుండా వేసుకునే మాత్ర ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులైతే 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. గవర్నమెంట్ ఆస్పత్రి అయినా ప్రైవేట్ అయినా ట్రీట్‌మెంట్ ఫ్రీగా చేయాల్సిందే. “ముందు కేసు పెట్టి రండి” అని వెనక్కి పంపకూడదు. టూ ఫింగర్ టెస్ట్ చేయకూడదని సుప్రీంకోర్టు 2022లో గట్టిగా చెప్పింది. ఒకవేళ స్నానం చేసేసినా, రోజులు గడిచినా పర్లేదు, అప్పుడైనా వెళ్లండి. కంప్లైంట్ అప్పుడు కూడా ఇవ్వొచ్చు.

పోలీసులు “ఇది మా స్టేషన్ పరిధి కాదు” అంటే? జీరో ఎఫ్‌ఐఆర్ అని అడగండి. జమ్మలమడుగులో జరిగింది ప్రొద్దుటూరులో ఇచ్చినా తీసుకోవాలి. స్టేట్‌మెంట్ మహిళా పోలీసే రాసుకోవాలి. ఎమర్జెన్సీకి 112, మహిళలకు 181, లాయర్ ఫ్రీగా కావాలంటే 15100. ఫొటోలు, వీడియోలతో బెదిరిస్తే 1930. 2025 మార్చి 8న మన రాష్ట్రంలో శక్తి యాప్ వచ్చింది, ఫోన్‌లో వేసుకోండి.

మూడోది, కాలేజీ. ప్రతి కాలేజీలో ఐసీసీ, అంటే అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. యూజీసీ 2015 రూల్స్ ప్రకారం దానికి సీనియర్ మహిళా ఫ్యాకల్టీ హెడ్‌గా ఉండాలి. సగం మంది ఆడవాళ్లు, బయటి మనిషి ఒకరు, స్టూడెంట్ల ప్రతినిధులు కూడా ఉండాలి. హెచ్‌వోడీలు, డీన్‌లు అందులో ఉండకూడదు. ఎందుకో మీకే అర్థమవుతుంది. మూడు నెలల్లోపు రాసివ్వాలి, కారణం ఉంటే ఇంకో మూడు నెలలు ఇస్తారు. విచారణ 90 రోజుల్లో అయిపోవాలి. అది జరిగేటప్పుడు ఆ మనిషిని దూరం పెట్టమని అడగొచ్చు. కమిటీకి ఇచ్చినా పోలీసు కేసు విడిగా పెట్టొచ్చు.

కాగితం మీద కమిటీ ఉంటే సరిపోదు. 2025 జూలైలో ఒడిశా బాలాసోర్‌లో ఒక అమ్మాయి లెక్చరర్ మీద కమిటీకి కంప్లైంట్ ఇచ్చింది. న్యాయం జరగట్లేదని కాలేజీలోనే నిప్పంటించుకుంది, జూలై 14న చనిపోయింది. రేపు పొద్దున మీ కాలేజీ నోటీస్ బోర్డులో కమిటీ పేర్లు, నంబర్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే పదిమంది కలిసి ప్రిన్సిపాల్‌కు లెటర్ రాయండి.

ఇంకో మాట. ఇంటర్ పిల్లలు, పదో తరగతి తర్వాత ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చేరే పిల్లలు, చాలామంది 18 లోపే. వాళ్ల విషయంలో పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసి కూడా కాలేజీ పోలీసులకు చెప్పకపోతే అదీ నేరమే. “పరువు పోతాది, గమ్మునుండు పాపా” అని వార్డెన్ అనడానికి లేదు. 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు.

చివరిగా మగపిల్లలకు. తమ్ముడూ, అమ్మాయి అరవలేదు, తోసేయలేదు అంటే ఒప్పుకున్నట్టు కాదు. చట్టం కూడా అదే చెప్తుంది. భయంతో బిగుసుకుపోతారు, నోట మాట రాదు. నీ ఫ్రెండ్ బస్సులోనో ఫెస్ట్‌లోనో హద్దు దాటుతుంటే వీడియో తీయొద్దు, నవ్వొద్దు. “రేయ్, రా పోదాం” అని లాక్కొచ్చేయ్. దాడులు ఆపడం అక్కడే మొదలవుతుంది. మగపిల్లల మీద కూడా జరుగుతాయి, వాళ్లూ కమిటీకి చెప్పుకోవచ్చు, సిగ్గుపడే పని లేదు.

ఆ రోజు నా క్లాస్‌మేట్‌కు ఇవేవీ నేను చెప్పలేకపోయా. ఇది తను చూస్తుంటే, సారీ. మీరు మాత్రం మీ దగ్గరికి వచ్చిన మనిషిని ప్రశ్నలతో వెనక్కి పంపొద్దు. ఈ వీడియో హాస్టల్ గ్రూపులో పెట్టండి. మళ్లీ కలుద్దాం.