అందరికీ అందే ఖైమా పలావు

(కొత్తగా చదువు నేర్చుకున్న మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు వంట గురించి మాట్లాడుకుందాం. "మాకు వంట రాదా ఏంటి? మాకు చెప్పాలా?" అని మీరు నవ్వుకోవచ్చు. మీకు వంట బాగా వచ్చు. అందుకే వంట కంటే ముందు ఒక ప్రశ్న అడుగుతాను.

మాంసం వండిన రోజున మీ కంచంలోకి ఎన్ని ముక్కలు వస్తాయి?

ఆలోచించండి. ఆదివారం అరకిలో మాంసం తెస్తారు. మీరే కడుగుతారు. మీరే వండుతారు. ముందు ఇంటాయనకి వడ్డిస్తారు. తర్వాత అత్తమామలకి, పిల్లలకి పెడతారు. చుట్టం వస్తే ఆయనకి ఇంకో రెండు ముక్కలు వేస్తారు. చివరికి మీరు గిన్నె ముందు కూర్చుంటారు. అందులో ఏముంటుంది? అడుగున కాస్త ఇగురు, ఒక బొమిక. అందులోనే అన్నం కలుపుకుని, "నాకు ఇదే ఇష్టం" అంటారు. అది ఇష్టమా? అలవాటా? మీరే చెప్పండి.

రక్తం సంగతి

2019-21 సంవత్సరాల్లో దేశమంతటా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం కంటే ఎక్కువ మందికి రక్తం తక్కువగా ఉందని అందులో తేలింది. అంటే ఇక్కడ కూర్చున్న మనలో కూడా చాలామందికి రక్తం తక్కువ ఉండొచ్చు.

రక్తం తక్కువైతే నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. కళ్లు తిరుగుతాయి. కాన్పు కష్టమవుతుంది. ప్రాణం మీదికి కూడా రావచ్చు.

రక్తం పట్టాలంటే ఒంటికి ఇనుము కావాలి. పప్పుల్లో, ఆకుకూరల్లో ఇనుము ఉంటుంది. మాంసంలోనూ ఉంటుంది. మాంసంలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుంది. పప్పు, మాంసం కలిపి తింటే పప్పులోని ఇనుము కూడా బాగా పడుతుంది. పైన నిమ్మరసం పిండుకుంటే ఇంకా మంచిది. తిన్న వెంటనే టీ తాగితే మాత్రం ఆ మేలు తగ్గిపోతుంది. టీ ఒక గంట ఆగి తాగండి.

"మగవాళ్లు కష్టపడతారు కదమ్మా, వాళ్లకే పెట్టాలి" అని కొందరు అంటారు. నాట్లు వేసేది ఎవరు? రోజంతా బురదలో నడుం వంచేది ఎవరు? రొయ్యల షెడ్డులో నిలబడి రొయ్యలు వలిచేది ఎవరు? ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించేది ఎవరు? కష్టం ఇద్దరిదీ. మరి తిండి కూడా ఇద్దరికీ అందాలి కదా!

ఖైమా ఎందుకు?

ముక్కలైతే లెక్కపెట్టి పంచుతాం. లెక్క మన దాకా వచ్చేసరికి ముక్కలు అయిపోతాయి. ఖైమా అయితే అన్నం అంతటా కలిసిపోతుంది. ఏ గరిటెలో చూసినా మాంసం ఉంటుంది. మొదట తిన్నవాళ్లకీ, చివర తిన్నవాళ్లకీ అందుతుంది.

డబ్బు కూడా కలిసొస్తుంది. ఆరుగురికి పావుకిలో ఖైమా చాలు. దానికి శనగపప్పు తోడు చేస్తాం. గిన్నె నిండుతుంది, బలమూ వస్తుంది.

ఈ పలావును దమ్ము మీద వండుదాం. దమ్ అనేది పారశీక భాషలోంచి వచ్చిన మాట. దానికి ఊపిరి అని అర్థం. గిన్నెలోని ఆవిరి బయటికి పోకుండా మూత బిగిస్తారు. కింద నిప్పు, మూత మీద నిప్పు. ఆ ఆవిరిలోనే అన్నం, మాంసం మగ్గుతాయి. హైదరాబాదు బిర్యానీ కూడా దమ్ము మీదే అవుతుంది. పై దేశాల్లో చాలా ఇళ్లలో ఓవెన్ అనే వేడి పెట్టె ఉంటుంది. అక్కడి ఆడవాళ్లు అన్నం, ఖైమా ఒకే గిన్నెలో సర్ది ఆ పెట్టెలో పెడతారు. మనకి ఆ పెట్టె అక్కర్లేదు. మన గిన్నె, మన మూత చాలు.

కావలసినవి (ఆరుగురికి)

బియ్యం – 3 గ్లాసులు (600 గ్రాములు)
ఖైమా – 250 గ్రాములు
శనగపప్పు – అర గ్లాసు (100 గ్రాములు)
పెద్ద ఉల్లిపాయలు – 3
పచ్చిమిరపకాయలు – 4
పెరుగు – చిన్న కప్పు
అల్లం వెల్లుల్లి ముద్ద – 2 చెంచాలు
కారం – 1 చెంచా, పసుపు – చిటికెడు
నూనె – 4 పెద్ద చెంచాలు
నిమ్మకాయ – 1
దాల్చిన చెక్క, 4 లవంగాలు, 2 యాలకులు
ఉప్పు, కొత్తిమీర, పుదీనా

బాస్మతి బియ్యం కొనక్కర్లేదు. మన ఇంట్లో ఉన్న బియ్యంతోనే చేయొచ్చు. స్వర్ణ బియ్యం మీకు తెలుసు కదా? ఆ వరి రకం పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా కేంద్రంలో తయారైంది. 1982లో రైతులకి వచ్చింది. పాత బియ్యమైతే మెతుకు విరగదు. ఉల్లిపాయలకి తాడేపల్లిగూడెం పెద్ద మార్కెట్టు. ధర తగ్గినప్పుడు నలుగురు కలిసి ఒక బస్తా తెచ్చుకుని పంచుకోండి.

ఖైమా కొనేటప్పుడు త్రాసు మీద అంకెలు చదవండి. 250 అని కనబడాలి. అంకెలు నేర్చుకున్నది ఇందుకే. కళ్ల ముందు కొట్టించుకోండి. ముందే కొట్టి ఉంచిన ఖైమా త్వరగా పాడవుతుంది.

కొల్లేటి లంకల్లో, కైకలూరు, ఆకివీడు వైపు రొయ్యలు దొరుకుతాయి. ఖైమా బదులు చిన్న రొయ్యలు వేసుకోవచ్చు. రొయ్యలు ఐదారు నిమిషాలు వేగితే చాలు. ఎక్కువసేపు ఉంచితే గట్టిపడతాయి.

చేసే పద్ధతి

1. శనగపప్పు గంటసేపు నానబెట్టండి. తర్వాత ఉడికించండి. పప్పు మెత్తబడాలి, చితికిపోకూడదు.

2. బియ్యం కడిగి అరగంట నానబెట్టండి.

3. ఉల్లిపాయలు సన్నగా తరిగి నూనెలో ఎర్రగా వేయించండి. గుప్పెడు తీసి పక్కన పెట్టండి.

4. మిగిలిన ఉల్లిపాయల్లో పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద వేయండి. పచ్చి వాసన పోయాక ఖైమా, పసుపు వేసి కలపండి. కారం, ఉప్పు, పెరుగు వేయండి. ఒక గ్లాసు నీళ్లు పోసి మూత పెట్టండి. మేక ఖైమా అరగంట ఉడకాలి. కోడి ఖైమాకి 15 నిమిషాలు చాలు. చివర్లో శనగపప్పు కలపండి. కొంచెం తడి ఉండగానే దించండి.

5. వేరే గిన్నెలో నీళ్లు మరిగించండి. చెక్క, లవంగాలు, యాలకులు, ఉప్పు వేయండి. బియ్యం వేసి ముప్పాతిక వంతు ఉడకనివ్వండి. మెతుకు నొక్కితే లోపల చిన్న పలుకు తగలాలి. అప్పుడు గంజి వార్చండి. గంజి పారబోయకండి. దాంతో పని ఉంది.

6. అడుగు మందంగా ఉన్న గిన్నెకి నూనె రాయండి. ఒక వరస అన్నం, ఒక వరస ఖైమా. మళ్లీ అన్నం, మళ్లీ ఖైమా. పైన అన్నమే ఉండాలి. దాని మీద వేయించిన ఉల్లిపాయలు, కొత్తిమీర, పుదీనా చల్లండి. అర గ్లాసు గంజి చుట్టూ పోయండి. మిగిలిన గంజి గోరువెచ్చగా తాగండి.

7. గోధుమపిండి ముద్దని తాడులా చేసి గిన్నె అంచుకి అంటించండి. మూత పెట్టి నొక్కండి.

8. కట్టెల పొయ్యి అయితే మండే కట్టెలు బయటికి లాగేయండి. నిప్పుల మీద గిన్నె పెట్టండి. మూత మీద కూడా కొన్ని నిప్పులు వేయండి. 20 నిమిషాలు ఉంచండి. గ్యాసు పొయ్యి అయితే పాత ఇనప పెనం పెట్టి, దాని మీద గిన్నె పెట్టండి. 5 నిమిషాలు మధ్యస్థంగా, 15 నిమిషాలు సన్నని సెగ మీద ఉంచండి.

9. దించిన తర్వాత 10 నిమిషాలు మూత తీయకండి.

మూడు జాగ్రత్తలు

తలుపులు మూసిన గదిలో నిప్పులు పెట్టకండి. నిప్పుల నుంచి విషవాయువు వస్తుంది. దానికి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పచ్చి మాంసం తగిలిన కత్తిపీట, చేతులు, గిన్నెలు సబ్బుతో కడగండి. ఆ తర్వాతే కొత్తిమీర తరగండి.

మాంసం కలిసిన అన్నం రాత్రి మిగిలితే బయట ఉంచి పొద్దున్న తినకండి. మన ఎండలకి త్వరగా పాడవుతుంది. ఎంత తింటారో అంతే వండండి.

వడ్డన

గరిటెని పక్క నుంచి అడుగుదాకా దించి తీయండి. అన్నీ సమానంగా వస్తాయి. పై నుంచి తీస్తే ఒకరికి అన్నం, ఒకరికి ఖైమా వస్తుంది.

ఆరుగురు ఉంటే ఆరు కంచాలూ ఒకేసారి పరవండి. మీ కంచం కూడా వరసలో పెట్టండి. అన్నిటిలో వడ్డించండి. నిమ్మకాయ ముక్క తలా ఒకటి వేయండి. మొదట్లో అత్తగారు వింతగా చూడొచ్చు. "రండి అత్తయ్యా, అందరం కలిసి తిందాం" అనండి. కూతురు చూస్తుంది. కొడుకు కూడా చూస్తాడు. రేపు వాళ్ల ఇళ్లలో అదే అలవాటవుతుంది.

ఒక్క పూట పలావుతో రక్తం పట్టేయదు. రక్తం పరీక్ష చేయించుకోండి. ఆశా కార్యకర్త ఇచ్చే ఇనుము మాత్రలు మానకుండా వేసుకోండి. రోజూ పప్పు, ఆకుకూర తినండి. కానీ ఏది వండినా మీ వాటా మీ కంచంలోకి రావాలి. వండే చేతికి తినే హక్కు ఉంది. ఈ మాట మీ ఇంట్లో కూడా చెప్పండి. సెలవు.

రాయండి – చెప్పండి

1. మీ ఊళ్లో ధరలు రాయండి.
ఖైమా 250 గ్రాములు – ........ రూపాయలు
శనగపప్పు 100 గ్రాములు – ........ రూపాయలు
బియ్యం 600 గ్రాములు – ........ రూపాయలు
మిగతా సరుకులు – ........ రూపాయలు
మొత్తం – ........ రూపాయలు
మొత్తాన్ని 6తో భాగించండి. ఒక్కరికి ఎంత పడింది?

2. 250 గ్రాముల ఖైమా ఆరుగురికి పంచితే తలా సుమారు ఎన్ని గ్రాములు?

3. మీ ఇంట్లో అందరికంటే చివర తినేది ఎవరు? ఎందుకు? నాలుగు మాటలు రాయండి.