ఏబది దాటినవారి చలికాలపు పరుగు

ఘన్‌పూర్ అను పేరుగల ఊళ్లు ఓరుగల్లు సీమలో ఒకటి కాదు. ములుగు దిక్కున నొకటి కలదు; అచ్చటి కోటగుళ్లు కాకతీయులనాటివి. లింగాల ఘన్‌పూర్ మరియొకటి. మా ఊరికి కాజీపేట, సికింద్రాబాదుల నడుమ నడచు రైళ్ల స్టేషను కలదు గనుక స్టేషన్ ఘన్‌పూర్ అను పేరే నిలిచిపోయినది. చిరకాలము వరంగల్లు జిల్లాలో నుండి 2016వ సంవత్సరమున జనగామ జిల్లాలో చేరిన ఈ ఊరియందు, చలికాలపు వేకువలలో మేము ఏడుగురము పరుగెత్తుచుందుము. అందరమును ఏబది దాటినవారమే. ఇద్దరు ఉపాధ్యాయ వృత్తినుండి విరమించినవారు, ఒకరు రైల్వేలో పనిచేసినవారు, ఇద్దరు సేద్యగాండ్రు, ఇద్దరు స్త్రీలు. మొదటి యేడు మమ్ము చూచి చాయ హోటలు బల్లపై కూర్చున్నవారు, "ఏం సారూ, బండి తప్పిందా, గట్ల ఉరుకుతున్నరు?" అని అడిగెడివారు. స్టేషనున్న ఊరు గదా, ఆ ప్రశ్న న్యాయమైనదే. మేమును నవ్వుకొని పోవుచుండెడివారము.

చలికాలపు పరుగు అనగా చలిదేశములవారికి ఒక కష్టకాలము. అచ్చట త్రోవలపై మంచు గడ్డకట్టును, కాలు జారును, మధ్యాహ్నము మూడు నాలుగు గంటలకే చీకటి పడును. మనకు ఇది తలక్రిందులు. మా ఊరి యెండలు చైత్రము దాటినంతనే 40 డిగ్రీలను మీరును. అప్పుడు వయసు మీరినవాడు పరుగెత్తుట సాహసము కాదు, అవివేకము. కార్తిక మాసము మొదలు శివరాత్రి వరకు గల నాలుగు నెలలే మనకు దేహమును కూడగట్టుకొను కాలము. వేకువ వేళ చలి 15 డిగ్రీల చాయలకు, ఒక్కొక యేడు అంతకంటె క్రిందికి దిగును. పరుగునకు ఇంతకంటె అనుకూలమైన వాతావరణము లేదు. 2004 నుండి జరుగుచున్న ముంబయి మారథాను జనవరిలోనే యుండుటకును కారణమిదియే. అందులో వృద్ధులకు ప్రత్యేకముగ నొక చిన్న పరుగు కలదు.

ఏబది దాటినవారు పరుగెత్తవచ్చునను మాట లోకమునకు మొదట గట్టిగా చెప్పినవాడు న్యూజిలాండు దేశపు శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ అని చెప్పవచ్చును. 1960 రోము ఒలింపిక్సులో ఆయన శిష్యులిద్దరు, పీటర్ స్నెల్, మర్రే హాల్‌బర్గ్, ఒకే దినమున స్వర్ణపతకములు గెలిచిరి. ఆయన గొప్పతనము అంతటితో ఆగలేదు. ఆక్లండు నగరములో పొట్టలు పెరిగిన వ్యాపారులను, గుండెజబ్బు పడి లేచినవారిని గూడ మెల్లని పరుగునకు దించెను. 1962 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాను విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్ బవర్‌మన్ ఆయనను చూడబోయెను. అప్పటికి బవర్‌మన్ వయస్సు 51. ఎందరో పరుగువీరులను తయారుచేసిన ఆ పెద్దమనిషి, ఆక్లండు కొండదారిలో నలుగురితోపాటు పరుగునకు దిగి కొంతదూరములోనే చతికిలబడెను. ఆయనను కనిపెట్టి యుండుటకై వెనుకకు వచ్చి ప్రక్కన పరుగెత్తుచు కబుర్లు చెప్పినవాడు, డెబ్బదేండ్లు దాటిన, గుండెజబ్బు చవిచూచిన ఒక వృద్ధుడు! ఇతరులకు నేర్పుటయే గాని తాను పరుగెత్తుట మరచిపోయితినని బవర్‌మన్‌కు అప్పుడు తెలిసివచ్చెను. స్వదేశమునకు పోయి, ఒక గుండె వైద్యునితో కలసి మెల్లని పరుగును గూర్చి గ్రంథము వ్రాసెను. అమెరికాలో సామాన్య గృహస్థులు వీథులలో పరుగెత్తుట అప్పటినుండియే విరివియైనది.

ఇక దేహము సంగతి. వయస్సుతోపాటు గుండె అత్యధికముగా ఎంత వేగమున కొట్టుకొనగలదో ఆ సంఖ్య తగ్గుచుండును. 2001లో ప్రకటితమైన ఒక లెక్కను బట్టి, వయస్సును 0.7తో హెచ్చవేసి 208లో నుండి తీసివేసినచో ఆ సంఖ్య ఉజ్జాయింపుగా వచ్చును. 55 ఏండ్లవానికి అది నిమిషమునకు సుమారు 170. ఇది సగటు మాత్రమే. మనిషి మనిషికి పది పదునైదు భేదముండవచ్చును. దేహము ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి, కదలక కూర్చున్నవారికి పదేండ్లకు నూటికి పది వంతుల చొప్పున తగ్గును. విడువక సాధన చేయువారికి ఆ నష్టము దాదాపు సగమునకు దిగును. కండ కరగుట ఏబది తరువాత హెచ్చగును. అన్నిటికంటె మోసగించునది పిక్క, మడమ వెనుకనున్న నరము వంటి స్నాయువు. ఊపిరితిత్తులు రెండు నెలలలో పుంజుకొనును; స్నాయువు గట్టిపడుటకు అంతకు మించిన కాలము పట్టును. ఊపిరి ఆడుచున్నది గదా అని దూరము పెంచినవాడు పిక్క పట్టుకొని కూర్చుండును. మాలో నలుగురము అట్లు కూర్చున్నవారమే.

ఆ మడమ స్నాయువునకు మందు ఇంటి మెట్టుమీదనే యున్నది. మెట్టు అంచున మునివ్రేళ్లపై నిలిచి మడమలనెత్తి, బరువు నొక కాలిపై వేసి, ఆ మడమను మెల్లమెల్లగా మెట్టుకంటె క్రిందికి దింపవలెను. ఈ పద్ధతిని 1998లో ప్రకటించినవాడు స్వీడను దేశపు శస్త్రవైద్యుడు ఆల్ఫ్రెడ్‌సన్. తన మడమకు శస్త్రచికిత్స చేయుటకు పై అధికారి ఒప్పుకొనకపోగా, స్నాయువు చెడినచో చేయక తప్పదు గదా అని మొండిగా ఈ పని చేయసాగెననియు, అది చెడుటకు బదులు బాగుపడెననియు చెప్పుదురు. ఆయన చెప్పిన లెక్క, పూటకు 15 మార్లు చొప్పున మూడు వరుసలు, దినమునకు రెండు పూటలు. మేము అంత చేయలేక ఒక పూటతో సరిపెట్టుకొనుచున్నాము; అయినను ఫలితము కనబడినది.

వారములో మేము పరుగెత్తునది మూడు దినములే. దేవాదుల ఎత్తిపోతల పథకము వలన గోదావరి నీరు చేరు ఘన్‌పూర్ రిజర్వాయరు కట్టయే మా మైదానము. ఆ మూటిలో రెండు దినములు, ప్రక్కవానితో వాక్యము తెగకుండ మాటలాడగలిగినంత మెల్లగా పరుగెత్తుదుము. మాట తెగెనా, వేగము హెచ్చైనదన్నమాట. గుండె కొలుచు గడియారములు మాలో ఇద్దరికున్నవి గాని, మాటను మించిన కొలబద్ద మాకు కనబడలేదు. మూడవ దినమున కొంచెము దూరము హెచ్చు. నడుమ నడుమ నూరేసి అడుగులు చురుకుగా పోయి మరల నెమ్మదింతుము. ఆదివారమున అప్పుడప్పుడు చిల్పూరు గుట్ట ఎక్కుదుము. ఎక్కుటకంటె దిగుటయందే మోకాళ్లకు పని హెచ్చు గనుక దిగునప్పుడు నడుతుము. తక్కిన దినములలో కుర్చీలోనుండి చేతుల ఊత లేక పదిమార్లు లేచుట, నీళ్ల బిందెలు రెండు చేతులతో మోయుట వంటి పనులు. ఒక దినము పూర్తిగా విశ్రాంతి. పాతికేండ్లప్పుడు ఒక రాత్రిలో తీరిన అలసట ఇప్పుడు రెండు రాత్రులడుగుచున్నది. అడిగినది ఇచ్చుటయే తెలివి.

చలిలో ముఖ్యమైన పని ఇల్లు కదలకముందే యున్నది. చలికి చర్మములోని రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు పెరుగును. గుండెపోట్లు ఉదయపు వేళలలో హెచ్చుగా వచ్చునని వైద్యులు గుర్తించియున్నారు. కావున దుప్పటి తీసి తిన్నగా పరుగునకు పోరాదు. ఇంటిలోనే పది నిమిషములు నడచి, చేతులు కాళ్లు ఆడించి, ఒళ్లు వెచ్చబడిన పిమ్మట బయటికి రావలెను. పలుచని బట్టలు రెండు మూడు వేసికొని, వేడి పుట్టినకొలది ఒకటొకటి తీసి నడుమునకు చుట్టుకొనవచ్చును. చెవులకు తువాలు చాలును. దాహము వేయదు గనుక నీళ్లు త్రాగుట మరతుము, అదియు పొరపాటు.

మేము మొదట నాలుగున్నరకే లేచి పోవుచుండెడివారము. అది మానివేసితిమి. గాలి కదలని చలి వేకువలలో నేలనంటిన గాలి చల్లబడి, పైనున్న వెచ్చని గాలి మూతవలె దానిని కప్పియుంచును. పొయ్యిల పొగ, గడ్డి కాల్చిన పొగ, రహదారిపై లారీల పొగ అంతయు ఆ మూతక్రిందనే యుండును. పొద్దు పొడిచి నేల వేడెక్కినగాని అది విడిపోదు. ఉబ్బసము గలవారు దీనిని తప్పక గమనింపవలెను. పైగా వరికోతల కాలములో రోడ్ల అంచున ధాన్యము ఆరబోసి, పైన టార్పాలిను కప్పి, గాలికి లేవకుండ రాళ్లు పెట్టుదురు. చీకటిలో ఆ రాళ్లకు తట్టుకొని మాలో నొకామె మోచేయి విరుగగొట్టుకొన్నది. రైతును తప్పుపట్టలేము, ఆయనకు వేరొక కళ్లము లేదు. ఇప్పుడు వెలుగు వచ్చిన తరువాతనే బయలుదేరుచున్నాము. తప్పనిసరియై రోడ్డు పట్టినచో కుడి అంచున, ఎదుటినుండి వచ్చు బండ్లు కంటబడునట్లు పోవుచున్నాము.

ఇంతవరకు చెప్పినది సులువైన భాగము. రెండేండ్ల క్రిందటి పుష్యమాసములో జరిగినది చెప్పక తప్పదు. మాలో అందరికంటె వేగముగా పరుగెత్తువాడు ఒక రైతు. బీడీ, కల్లు ఎరుగనివాడు. ఆ యేడు పెద్ద పరుగు నొకదానికి మేమందరము పేర్లిచ్చి యుంటిమి. నెల రోజులు ముందు ఆయన వెనుకబడసాగెను. "చలి నిన్ను సోమరిని చేసినది" అని మేము పరిహసించితిమి. ఆయన నవ్వి ఊరకుండెను. కట్ట ఎక్కునప్పుడు రొమ్ములో బరువు పెట్టినట్లగుచున్నదనియు, నిలిచినచో తగ్గుచున్నదనియు, గ్యాసు అనుకొని ఓమము నీళ్లు త్రాగుచున్నాననియు ఇంటిలో సైతము చెప్పలేదు. పేరు ఇచ్చిన పరుగు తప్పిపోవునని భయము. మా పరిహాసము మరియొక భయము. ఒకనాడు కట్ట నడుమ కూలబడి చెమటతో తడిసిపోయెను. అదృష్టవశమున రోడ్డు దగ్గరనే యుండుటచే హనుమకొండకు వేగముగ చేర్చగలిగితిమి. గుండె రక్తనాళము నొకటి మూసికొనిపోయినది, స్టెంటు వేసిరి. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో ఆయన భార్య మాతో ఒక్కమాటయే అన్నది: "ఆయన మీ మాటకు భయపడ్డడు." మేము బదులు చెప్పలేకపోతిమి.

పరుగు ఆయనకు జబ్బు తెచ్చినదా? వైద్యుడు కాదనెను. తండ్రికి, అన్నకు గుండెజబ్బు కలదు. చక్కెర పరీక్ష ఆయన ఎన్నడును చేయించుకొనలేదు. కాని పరుగెత్తువానికి గుండెజబ్బు రాదను మా నమ్మకమే చెడ్డది. శ్రమించినప్పుడు వచ్చి విశ్రమింపగనే పోవు రొమ్ముబరువు, దవడకో ఎడమచేతికో ప్రాకు నొప్పి, ఎన్నడును లేని ఆయాసము, ఇవి గ్యాసు కావు. ఏబది దాటి క్రొత్తగా పరుగు మొదలిడువారు, అందును చక్కెర, రక్తపుపోటు, పొగత్రాగు అలవాటు గలవారు, వైద్యుని చూచిన తరువాతనే కాలు కదపవలెను.

ఆ తరువాత మేము మానివేయుటయా, సాగించుటయా అని చాలనాళ్లు తర్కించుకొంటిమి. అప్పుడు మాకు తోడ్పడినది అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారి పరిశీలన. 1984లో, ఏబది దాటిన పరుగుగాండ్రను, పరుగెత్తనివారిని వేర్వేరుగా చేర్చుకొని వారి జీవితమును గమనించిరి. 2008లో ప్రకటించిన లెక్కలను బట్టి, 19 ఏండ్లలో పరుగుగాండ్రలో నూటికి 15 మంది, తక్కినవారిలో 34 మంది గతించిరి. మొదటినుండి ఆరోగ్యవంతులే పరుగున చేరియుందురనుటయు కొంత నిజమే; ఆ భేదమును లెక్కలో సర్దిన తరువాతను మేలు మిగిలియున్నదని వారు చెప్పిరి. మోకాళ్లు అరుగునను భయమును గూర్చి 2017లో మరియొక పరిశీలన వచ్చినది: వినోదమునకు పరుగెత్తువారిలో తుంటి, మోకాలి కీళ్లవాతము నూటికి మూడున్నర, కదలనివారిలో పది. అయితే పోటీకై తీవ్రముగా పరుగెత్తువారిలో అది 13 దాటినది. ఈ చివరి అంకెను మేము గోడమీద వ్రాసికొంటిమి.

మాలోని స్త్రీలిద్దరును చీరలతోనే పరుగెత్తుదురు. మొదట మొగమాటపడిరి. మహారాష్ట్రములోని బారామతిలో లతా భగవాన్ కరే అను అరువదేండ్లు దాటిన పేదరాలు, భర్త వైద్యమునకు డబ్బు లేక, తొమ్మిది గజముల చీరతో, చెప్పులు లేని కాళ్లతో వృద్ధుల పందెములో గెలిచిన కథ విన్న తరువాత ఆ మొగమాటము వదలినది. ఆమె కథను, ఆమెనే నటింపజేసి, మన తెలుగువాడగు నవీన్ దేశబోయిన మరాఠీ చిత్రముగా తీసెను. ఒట్టికాళ్ల సంగతిలో మాత్రము మేము ఆమెను అనుసరింపలేదు. కట్టమీద తుమ్మముళ్లు హెచ్చు.

35 ఏండ్లు నిండినవారికి అయిదేసి యేండ్ల తరగతులుగా పందెములు ప్రపంచమంతటను జరుగుచున్నవి. మొదటి ప్రపంచ పోటీలు 1975లో కెనడాలోని టొరాంటోలో జరిగినవి. అదే నగరమున 2003లో ఎడ్ విట్‌లాక్ అను 72 ఏండ్ల వృద్ధుడు మారథానును మూడు గంటలలోపల ముగించెను. డెబ్బది దాటినవారిలో అట్లు చేసిన మొదటివాడాయనయే. ఇంటి ప్రక్కనున్న శ్మశానవాటికలో దినమును గంటలకొలది చుట్లు తిరుగుటయే ఆయన సాధన. మా కట్ట అంతకంటె రమ్యమైనదే! మాకు ఆ గంటలు వలదు. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియములో, 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన ఆ సింథటిక్ ట్రాకుమీద, ఏడుగురమును కలసి ఒక్క చుట్టు తిరిగి రావలెనను కోరిక మాత్రము కలదు.

ఏడుగురము అనుచున్నాము. స్టెంటు వేసిన తరువాత మా మిత్రుడు కొన్ని నెలలు నడకతోనే గడిపెను. వైద్యులు ట్రెడ్‌మిల్లుపై పరీక్షించి అనుమతించిన పిమ్మట, గత కార్తికములో మరల కట్టకు వచ్చెను. రెండు కిలోమీటర్లు నడచి, ఒక కిలోమీటరు మెల్లగా పరుగెత్తి, తూము దగ్గర అరుగుపై కూర్చుండును. గడియారము ఇప్పుడు ఆయన చేతికే ఇచ్చితిమి. మేము ఎదుటగా పోవునప్పుడు ఎవరైనను నోరు మూసికొని రొప్పుచుండుట కనబడినచో, "మాట్లాడుండ్రి, మాట్లాడుండ్రి" అని అచ్చటినుండియే కేక వేయును.